ఓనరాంటీ వెతికిన సూపు

మా ఓనరాంటీ పోయారు. కంపెనీ క్యాంటీన్‌లో మధ్యాహ్నం డబ్బా మూత తీస్తుంటే పుణె నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ..." అని ఆగిపోయింది. ఆ తర్వాత ఏడుపు తప్ప ఏమీ వినిపించలేదు. పొద్దున స్నానం చేసి వచ్చి బాల్కనీలో కూర్చున్నారట. కూతురు లోపలికెళ్లి కాఫీ తెచ్చేసరికి తల పక్కకు వాలిపోయి ఉందట. సునాయాసంగా పోయింది, పుణ్యాత్మురాలు అని అందరూ అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. కూతురి దగ్గర కొన్నాళ్లుండి వస్తాను, రాగానే మొదటి శనివారం ఇద్దరం మళ్లీ కౌకూర్ హోటల్‌కి వెళ్దాం అని నా చేతిలో చెయ్యేసి చెప్పిన మనిషి. మాట తప్పడం ఆమెకు అలవాటు లేదు. ఈ ఒక్క మాటే తప్పాలా?

చివరిచూపు నాకు దక్కలేదు. అంతా అక్కడే జరిగిపోయింది. అందుకేనేమో, పొద్దున డ్యూటీకి మెట్లు దిగుతుంటే ఆమె వాకిలి దగ్గర నా కాళ్లు వాటంతటవే ఆగుతాయి. హైదరాబాద్‌లో సుచిత్ర చౌరస్తా నుంచి కాస్త లోపలికి పోతే మా ఇల్లు. కింద ఓనరాంటీ, పైన మేము. మేం అద్దెకున్నవాళ్లమే కానీ, ఎవరైనా అడ్రస్ అడిగితే 'మా ఇల్లు' అనే చెప్తాను. అలా అనడం నేర్పింది ఆమే.

ఆ ఇల్లు దొరికిన కథ మీకు చెప్పాలి. అప్పటికి మేం ఇళ్ల కోసం తిరిగి తిరిగి విసిగిపోయి ఉన్నాం. టులెట్ బోర్డున్న ప్రతి గేటు దగ్గరా ఒకటే ప్రశ్న, మీరు నాన్‌వెజ్ తింటారా అని. మాది శామీర్‌పేట. మా బాపు చెరువులో చేపలు పట్టేవాడు, మా అమ్మ గంపలో పెట్టుకుని అమ్మేది. తినమని ఎట్లా చెప్తాను? మా ఆయన అప్పటికే అబద్ధానికి సిద్ధపడ్డాడు. "అప్పుడప్పుడు గుడ్డు తింటమని చెప్దాం, తర్వాత సంగతి తర్వాత" అని గేటు బయటే నాకు పాఠం చెప్పాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఓనరాంటీ ఆ ప్రశ్న అడగగానే అనేశాను. "మా బాపు చెరువుల చేపలు పడ్తడు ఆంటీ. తినకుంటె ఎట్ల? మీకు ఇష్టం లేకుంటె ఇప్పుడే చెప్పుండ్రి, ఇంకో గల్లీకి పోతం."

ఆమె కళ్లజోడు పైకి జరిపి నన్ను ఎగాదిగా చూశారు. తర్వాత నవ్వారు. "ఇన్నాళ్లూ అబద్ధం చెప్పి చేరినవాళ్లనే చూశాను. నువ్వు చేరిపో అమ్మాయ్. చేపలు వండే రోజు మాత్రం కాస్త ముందు చెప్పు, నేను కిటికీలు వేసుకుంటాను."

నన్ను వేసుకోమనలేదు, చూశారా? తాను వేసుకుంటానన్నారు. నేను చేపలు తెచ్చిన రోజున మెట్ల మీద నుంచి "ఆంటీ, కిటికీలు!" అని కేకేసేదాన్ని. కింద నుంచి టపటపా రెక్కలు మూసుకునే చప్పుడు. అదే మా అగ్రిమెంటు. ఒకసారి గుంటూరు వైపు నుంచి వచ్చిన చుట్టాలావిడ ఎవరో ముక్కు చిట్లించి, ఇలాంటివాళ్లకి ఇల్లెందుకిచ్చావని అడిగితే, ఆంటీ వంటింట్లోంచి బయటికైనా రాకుండా జవాబిచ్చారు. "ఇల్లు నాది, ముక్కు నాది. నీకేంటి?" ఆ మాట పైన నాకు స్పష్టంగా వినిపించింది. వినిపించాలనే అంత గట్టిగా అన్నారనుకుంటాను.

అలాగని తిండి విషయంలో ఆమె మెతకమనిషి అనుకునేరు. బిస్కెట్ ప్యాకెట్ కొన్నా ఆకుపచ్చ చుక్క కనిపించందే బుట్టలో వేసేవారు కాదు. చుక్క ఉన్నా నమ్మకం లేదు, వెనక ఉన్న చిన్న అక్షరాలన్నీ నాతో చదివించేవారు. పెళ్లికెళితే వడ్డించేవాణ్ణి ఆపి ఇది ఏ నూనె, ఏ గరిటె అని అడిగేవారు. జనం నవ్వితే పట్టించుకునేవారు కాదు. "అడిగితే ఏం పోతుందే? మహా అయితే నవ్వుతారు" అనేవారు. ఆ ధైర్యం నాకు ఎంతగా అంటుకుందంటే, కంపెనీలో మా సూపర్‌వైజరు ఇప్పటికీ నన్ను చూస్తే తప్పుకుని పోతాడు.

అటువంటి మనిషి వియత్నాం నూడుల్స్ సూపు కోసం ఊరంతా తిరిగారంటే మీరు నమ్మాలి.

అంకుల్‌ను నేను ఫోటోలోనే చూశాను. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి విదేశానికి వెళ్లింది ఒక్కసారే, వియత్నాం. హైదరాబాద్ నుంచి వంటవాణ్ణి కూడా వెంట తీసుకుపోయే టూర్లు ఉంటాయి కదా, అందులో. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పు, రాత్రి పులిహోర. ఏ దేశంలో ఉన్నారో తెలియకుండా తిని రావచ్చు. ఆంటీ దానికి తోడు కారప్పొడి, గోంగూర పచ్చడి, మరమరాలు సూట్‌కేసు నిండా కుక్కుకున్నారు. చీరలకంటే పచ్చళ్ల బరువే ఎక్కువ అని ఆయన ఆటపట్టించారట.

హనోయ్‌లో ఒక గుడి చూసి బయటికొచ్చాక, పక్క సందులో చిన్న కొట్టు కనిపించింది. బయట పీటలంత ఎత్తు ప్లాస్టిక్ స్టూళ్లు, లోపల పెద్ద డేగిసా. ఆరోజు పున్నమి. పున్నమికి ఇక్కడ చాలామంది మాంసం, చేప ముట్టరు, ఈ కొట్టులో ఎప్పుడూ వండరు, గుడిలో సన్యాసులు కూడా ఇక్కడే తింటారు అని గైడు చెప్పాడు. అంకుల్ వెళ్లి స్టూలు మీద కూర్చున్నారు. గిన్నె వచ్చింది. వేడి వేడి రసం, అందులో వెడల్పాటి బియ్యప్పిండి నూడుల్స్, మీద తుంపిన ఆకులు. రెండు గుక్కలు తాగి, వెనక్కి తిరిగి ఆంటీని పిలిచారు. "ఒక్క స్పూను రుచి చూడవే. నా మాట విను."

ఆంటీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఆ గిన్నెలు దేంతో కడుగుతారో, నిన్న అందులో ఏం వండారో అన్నారు. ఆయన ఇంకోసారి పిలిచారు. ఈవిడ వెళ్లి బస్సులో కూర్చున్నారు. ఆ రాత్రి హోటల్లో పులిహోర తింటుంటే ఎదురుగా ఆయన ఊరికే కూర్చున్నారట, ఆకలి లేదు, ఆ రుచి నోట్లోంచి పోనివ్వను అని.

తిరిగొచ్చాక ఇంట్లో చారు పెట్టినప్పుడల్లా అంకుల్‌కి ఆ సూపు గుర్తొచ్చేది. "బాగుంది కానీ..." అని మొదలుపెట్టేవారు. ఆంటీకి ఒళ్లు మండి, అంత బాగుంటే అక్కడే ఉండిపోవాల్సింది అనేవారు. అది వాళ్లిద్దరి రోజువారీ సరదా. ఒకరోజు ఆయన గుండె ఆగిపోయింది. సరదా అక్కడికి ఆగింది.

ఇదంతా ఆమె నాకు చెప్పింది ఒక ముసురు పట్టిన ఆదివారం. కరివేపాకు రెబ్బలు దూస్తూ, మధ్యలో ఆపి అడిగారు. "అమ్మాయ్, ఆ సూపు మన ఊళ్లో ఎక్కడైనా దొరుకుతుందా?"

ఫోన్లో వెతికితే బోలెడు పేర్లు వచ్చాయి. ఫో అంటారట దాన్ని. అన్నింట్లోనూ వెజ్ అని ఒకటి ఉంది. అయితే ఆంటీ వెజ్ అన్నంత మాత్రాన నమ్ముతారా? ఆలోచించి ఆలోచించి నా వైపు చూశారు. "నువ్వు రావాలి. ముందు నువ్వు రుచి చూడు. చేప ఎక్కడున్నా నీ నాలుక పట్టేస్తుంది. నువ్వు సరేనంటే నేను తింటాను."

"మా బాపు వలేసి పడ్తడు, నేను నాలుకతోని పట్టాలె, అంతేనా ఆంటీ?" అన్నాను.

"అంతే" అన్నారు. ఇల్లు ఇచ్చేటప్పుడు మా చేపల వంటకు కిటికీలు వేసుకుంటానన్న మనిషే, తన నోట్లోకి వెళ్లే ముద్దకు నా నాలుకను కాపలా పెట్టుకున్నారు. ఆ నమ్మకం విలువ నాకు అప్పుడు పూర్తిగా తెలియలేదు. పైగా ఉచితంగా హోటల్ తిండి దొరుకుతుందని సంబరపడ్డాను.

ఇప్పుడు కంపెనీలో ఎవరైనా వెజ్ వియత్నాం సూపు ఎక్కడ బాగుంటుందని అడిగితే అందరూ నన్ను చూపిస్తారు. అంత తిరిగాం మేం. నా స్కూటీ వెనక సీటు మీద ఆంటీ ఒకవైపుకే కూర్చుని, ఒక చేత్తో నా భుజం, ఇంకో చేత్తో తన మంచినీళ్ల బాటిల్ పట్టుకునేవారు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా "మెల్లగా పోవే, నా పళ్లు నావే" అనేవారు.

మొదటిది మాకు దగ్గర్లోనే, మాల్ పైఅంతస్తులో. నేను గిన్నెలోకి వంగీ వంగకముందే తెలిసిపోయింది, కోడి ఉడికిన నీళ్లు. పిలిచి అడిగితే ఆ అబ్బాయి ఎంతో మర్యాదగా చెప్పాడు. "వెజ్జే మేడం. చికెన్ ముక్కలన్నీ తీసేసే ఇస్తాం." ఆంటీ ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత ఎంత నవ్వారంటే పక్క టేబుల్ వాళ్లు కూడా నవ్వడం మొదలుపెట్టారు. బయటికొచ్చి మొక్కజొన్న పొత్తు తిని ఇంటికొచ్చాం.

తర్వాత కొంపల్లిలో వెదురు దీపాలు వేలాడదీసిన పెద్ద హోటల్. మెనూలో ఆ సూపు పక్కన ఆకుపచ్చ చుక్క కూడా ఉంది. ఆంటీ ముఖం విప్పారింది. నేను ఒక స్పూను నోట్లో వేసుకుని అట్లాగే ఉండిపోయాను. రసంలో ముక్క లేదు, నీసు వాసన కూడా పైకి లేదు. కానీ నాలుక వెనక ఎక్కడో మా ఇంటి వెనక ఎండుచేపల తడిక తగిలింది.

"చేప ఉంది ఆంటీ."

మేనేజరు వచ్చి ఒట్టేశాడు. "ఒట్టెందుకన్నా, లోపల అడిగి రా. గీ వాసన నాకు తెల్వదా? నేను పుట్టిందే గా వాసనల" అన్నాను. చివరికి వంటతను వచ్చి, ఫిష్ సాస్ రెండు చుక్కలేనండీ, టేస్ట్ కోసం అని ఒప్పుకున్నాడు. చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసే రసమట అది. నేను కొట్లాటకు దిగబోతే ఆంటీ నా చెయ్యి పట్టి లేపారు. "పద. వాళ్లకి తెలియదు, అంతే. నువ్వు ఉన్నావు కదా నాకు." ఆ మాటకి నా కోపం చప్పున దిగిపోయింది.

ఇంట్లో కూడా ప్రయత్నం చేశారు. అంకుల్ చెప్పిన గుర్తులు ఆమెకు కంఠస్థం. అనాసపువ్వు, దాల్చినచెక్క, నిప్పుల మీద కాల్చిన ఉల్లిపాయ, కాల్చిన అల్లం, మీద నిమ్మకాయ, పచ్చి ఆకులు. అన్నీ వేసి మరిగిస్తే ఇల్లంతా ఘుమఘుమలాడింది. మా ఆయన పైనుంచి దిగొచ్చి, కింద బిర్యానీ వండుతున్నారా అని అడిగాడు. ఆంటీ గరిటె కింద పెట్టేశారు. ఆ నీళ్లతో మర్నాడు పులావ్ చేసి మాకు పంపారు. అది మాత్రం మస్తుండింది.

శామీర్‌పేట వైపు ఒక రిసార్టులో మొదటిసారి నిజంగా వెజ్ సూపు దొరికింది. నేను రెండుసార్లు రుచి చూసి తల ఊపాను. "నిమ్మళంగ తాగుండ్రి ఆంటీ. కూరగాయలే." ఆమె కళ్లు మూసుకుని మొదటి స్పూను తాగారు. రెండోది. మూడోది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. నాకైతే అది క్యారెట్, స్వీట్‌కార్న్ వేసిన మామూలు చైనా సూపులా ఉంది. అయినా ఉండబట్టలేక అడిగాను, ఇదేనా ఆంటీ అని.

ఆమె స్పూను గిన్నెలో వదిలేసి నా వైపు చూశారు. "నాకేం తెలుసే? తాగినాయన లేడు కదా."

అప్పటిదాకా నాకు తట్టనే లేదు చూడండి. మేం ఒక రుచి కోసం తిరుగుతున్నాం కానీ, ఆ రుచి మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు. దొరికినా, దొరికిందని చెప్పగలిగిన మనిషి ఒక్కడే. నా నాలుక ఏం లేదో చెప్పగలదు. ఏం ఉండాలో చెప్పలేదు. ఆ వెదురు దీపాల హోటల్లో నేను పోయిన గొప్పలన్నీ తలచుకుంటే నాకు సిగ్గుగా అనిపించింది.

ఆరోజు అక్కడి నుంచి మా పుట్టింటికి తీసుకెళ్లాను, దగ్గరే కదా అని. వాకిట్లో చేపల గంపలున్నాయి. మా అమ్మ గబగబా వాటిని దొడ్లోకి జరిపి, కుర్చీ తెచ్చి గాలి వచ్చే వైపు వేసింది. సీతాఫలాలు పళ్లెంలో పెట్టింది. ఇద్దరికీ మాటలు తొందరగానే కలిశాయి.

"సూపుకోసం గింత దూరం తిరుగుడేంది అక్కా? నా బిడ్డతోని చెప్తే నేనే మంచిగ చారు కాసి పంపకపోదునా?" అంది అమ్మ.

"నాకు సూపు మీద మోజు లేదమ్మా" అన్నారు ఆంటీ. సీతాఫలం గింజలు ఒక్కొక్కటే పళ్లెం అంచున పెడుతూ చెప్పారు. "నలభై ఏళ్లు నేను పెట్టిందే తిన్నాడు. ఏనాడూ ఇది కావాలి అని అడగలేదు. ఒక్కసారి తనకి నచ్చింది నన్ను తినమన్నాడు. ఒక్క స్పూనే. నేను బస్సెక్కి కూర్చున్నాను. అంత సంబరపడింది దేనికో తెలుసుకోకుండా నేను కూడా పోతే ఎలా అని."

 అమ్మ లేచి వెళ్లి, మంచినీళ్ల చెంబు తెచ్చి ఆంటీ చేతులు కడిగించింది. ఎవరి ఇంటి నీళ్లనూ అంత తేలిగ్గా ముట్టని ఆంటీ, చెంబులో మిగిలినవి గడగడా తాగేశారు. తిరుగు దారిలో స్పీడ్ బ్రేకర్లు వచ్చినా ఆమెకు తన పళ్లు గుర్తురాలేదు.

ఆ మధ్య కూతురు వీడియో కాల్ చేసినప్పుడల్లా నన్ను కూడా లాగేది. "అక్కా, నువ్వైనా చెప్పు. ఈ వయసులో అమ్మకి ఈ పిచ్చేంటి? షుగర్ ఉంది, బయటి తిండి ఎందుకు?" ఆంటీ ఫోను నా చేతికిచ్చి తప్పించుకునేవారు. అసలు విషయం కూతురికి చెప్పలేదు. ఎందుకని అడిగితే, "నాన్న అడిగితే నేను కాదన్నానని దానికెందుకు తెలియాలి?" అన్నారు.

కౌకూర్ సంగతి చెప్పింది మా కంపెనీలో యాప్రాల్ నుంచి వచ్చే అమ్మాయి. మిలిటరీలో చేసి వచ్చిన మా వైపాయన, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన అతని భార్య కలిసి నడిపే చిన్న హోటల్ అట. ఆవిడ పెళ్లికి ముందు వియత్నాంలో ఒక హోటల్లో పని చేసిందట. శనివారం పూట మాంసమే వండదట. మొదట్లో శనివారాలు ఈగలు తోలుకునేవాళ్లట. మన దగ్గర చాలామంది శనివారం నీసు ముట్టరు కదా. అది చూసి ఆవిడ, వియత్నాంలో కూడా పున్నమికి ఇంతే అని, వారానికి ఒకరోజు మొత్తం వెజ్ పెట్టేసిందట. ఆ మాట వినగానే ఆంటీ చేతిలో గ్లాసు కింద పెట్టారు. "పున్నమికి ఇంతే అందా?" అని మళ్లీ అడిగి చెప్పించుకున్నారు.

పుణె ప్రయాణానికి ముందు శనివారం వెళ్లాం. గోడకు ఆనుకుని నాలుగు బల్లలు, స్టవ్ మీద పెద్ద డేగిసా, ఆవిరికి కిటికీ అద్దాలన్నీ చెమట పట్టి ఉన్నాయి. ఆవిడ తెలుగు, హిందీ కలిపి మాట్లాడుతోంది. ఆంటీ మామూలుగానే అన్నీ అడిగారు. ఆవిడ విసుక్కోకుండా మూత తీసి చూపించింది. ముల్లంగి, క్యారెట్, పుట్టగొడుగులు, నల్లగా కాలిన అల్లం, అనాసపువ్వులు. "సబ్ వెజ్ ఆంటీ, ఈరోజు ఫుల్ వెజ్."

గిన్నె వచ్చింది. ఆంటీ దాన్ని నా వైపు జరిపారు.

శనివారం నాకు ఒక్కపొద్దు. తమ్ముడికి ఒంట్లో బాగాలేనప్పుడు మొక్కుకున్నాను, సాయంత్రం దీపం పెట్టేదాకా ఏమీ తినను. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఆ హడావుడిలో ఇద్దరం మరిచిపోయాం. "అయ్యో, ఇయ్యాల ఒక్కపొద్దు ఆంటీ. ఎట్ల మరి?" అన్నాను. వంగి వాసన మాత్రం చూశాను. "చేప వాసనైతే లేదు. కానీ తినకుంట గట్టిగ చెప్పలేను."

ఆమె గిన్నె వైపు చూశారు, నా వైపు చూశారు. తర్వాత గిన్నె తన ముందుకు లాక్కుని, కొంగు నడుముకి దోపుకుని, ఆవిరిలోకి ముఖం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చారు. "ఆరోజు వాసన కూడా చూడలేదు నేను" అన్నారు. ఎవరూ రుచి చూసి చెప్పకుండా ఆమె ఒక స్పూను నోట్లో పెట్టుకోవడం నేను చూసింది అదే మొదటిసారి.

మెల్లగా తిన్నారు. నూడుల్స్ జారిపోతుంటే నవ్వారు. ఆకులు తుంపి వేసుకున్నారు, నిమ్మకాయ పిండుకున్నారు. సగం అయ్యాక కళ్లు తుడుచుకున్నారు. కారం అనుకుందామనుకున్నాను, కానీ ఆమె కారం వేసుకోలేదు.

"ఇదే అయ్యుంటుందిలే" అన్నారు.

"ఎట్ల తెలిసింది ఆంటీ?"

"తెలియలేదే. ఇక వెతకను, అంతే." మళ్లీ ఒక స్పూను నింపి నా వైపు చాపారు. "ఒక్క స్పూను. చూడు."

"ఒక్కపొద్దు ఆంటీ, మొక్కు."

స్పూను గాల్లో అలాగే ఉంది కాసేపు. నేను నోరు తెరిచి ఉంటే సరిపోయేది. ఏ దేవుడూ నన్ను కొట్టేవాడు కాదు. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం తల అడ్డంగా ఊపాను. ఆంటీ ఆ స్పూను తన నోట్లో పెట్టుకుని, ఏమాత్రం కోపం లేకుండా నవ్వారు. "ఆయనా బలవంతం చెయ్యలేదు. నేనూ చెయ్యను. పుణె నుంచి రాగానే మొదటి శనివారం మళ్లీ వద్దాం. ఆ వారం దేవుడికి సెలవు చెప్పి రా." అప్పుడే నా చేతిలో చెయ్యేశారు. ఇంకా బోలెడు శనివారాలున్నాయి, తొందరేం లేదు అనుకున్నాం.

ఆ తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను.

కార్యక్రమాలన్నీ అయ్యాక కూతురు ఇల్లు చూసుకోవడానికి వచ్చింది. రెండు రోజులు కింద నుంచి బీరువా తలుపుల చప్పుడు, ఏడుపు వినిపిస్తూనే ఉన్నాయి. పచ్చళ్ల జాడీలు ఏం చేయాలో తెలియక నన్ను పిలిచింది. ఇద్దరం వంటింటి గడప మీద కూర్చున్నాం. అప్పుడు చెప్పాను, హనోయ్ సంగతి, బస్సు సంగతి. ఆంటీ దాచమన్నది చెప్పడం తప్పో ఒప్పో నాకు తెలియదు. చెప్పకపోతే ఆ పిల్ల తన తల్లిని జిహ్వ చాపల్యం ఉన్న ముసలావిడ అనుకునే ఉండిపోయేది. అది నేను సహించలేను.

కూతురు చాలాసేపు జాడీ మూత తిప్పుతూ కూర్చుంది. "మా ఇంటి దగ్గర కూడా ఆ సూపు హోటల్ ఒకటి ఉందట అక్కా. వచ్చిన మర్నాడే అమ్మ అడిగింది, ఇక్కడి వాళ్లు ఎట్లా చేస్తారో చూద్దామని. వీకెండ్ తీసుకెళ్తాలే అన్నాను." అంతే అంది. ఆ వీకెండ్ రాలేదని నాకూ తెలుసు.

మర్నాడు శనివారం. తనే అడిగింది, అమ్మ తిన్న చోటు చూపించమని. ఆ రోజు నేను ఒక్కపొద్దు లేను. దీపం ముందు నిలబడి, తర్వాత వారం రెండు పూటలా ఉంటానని చెప్పి బయల్దేరాను.

కౌకూర్‌లో అవే బల్లలు. హోటలావిడ నన్ను గుర్తుపట్టి, ఆంటీ ఏరీ అని అడిగింది. చెప్పాను.  ఆవిడ గరిటె పక్కన పెట్టి, అడగకుండానే రెండు గిన్నెలు తెచ్చి మా ముందు పెట్టింది.

అలవాటు కొద్దీ ముందు నేనే స్పూను ముంచాను. కూతురు తినకుండా నా ముఖం చూస్తోంది. వేడి రసం నాలుక మీద పరుచుకుంది. కాలిన అల్లం, కొంచెం తీపి, వెనకాల అనాసపువ్వు. చేప లేదు, మాంసం లేదు. బాగుంది, చాలా బాగుంది. ఇది ఆంటీ తాగిన రుచేనా? ఆరోజు ముల్లంగి ఎక్కువుందో, ఉప్పు తక్కువుందో, అల్లం ఇంకాస్త కాలిందో నాకెట్లా తెలుస్తుంది? ఆమెతో ఎన్ని చోట్ల తిన్నానో, ఎన్ని గిన్నెలు ముందు నేనే రుచి చూశానో. తెలియాల్సిన ఒక్క గిన్నె దగ్గర నోరు మూసుకున్నాను.

"ఇదేనా అక్కా?" అంది కూతురు. "అమ్మ తాగింది ఇదేనా?"

నోట్లో ఉన్న గుక్క మింగాను.

"ఇదే" అన్నాను. "గట్టిగ చెప్తున్న. ఇదే."

ఆ పిల్ల స్పూను పక్కన పెట్టింది. గిన్నెను రెండు చేతులతో ఎత్తి నోటికి ఆనించుకుంది. ఆవిరికి కళ్లద్దాలు రెండూ తెల్లబడ్డాయి. వాటిని తుడుచుకోలేదు, గిన్నె కిందికి దించలేదు. గుక్క తర్వాత గుక్క, అడుగు కనిపించేదాకా తాగుతూనే ఉంది.